జడ్జిమెంట్ పుట్టుకతో రాదు, అలాగని అనుభవంతో దానంతట అదీ రాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఏడేళ్లు కోడ్ రాశారు, మూడు నెలల క్రితం టీమ్ లీడ్ అయ్యారు, పదకొండేళ్ల నాటి రిపోర్టింగ్ సిస్టమ్‌ని మొత్తం తిరగరాయాలా లేక అతుకులు వేసుకుంటూ నడపాలా అనేది మీరే తేల్చాలి, రెండు వారాలుగా తేల్చలేక నిద్ర పట్టడం లేదు. మీకు ముందున్న లీడ్ ఇలాంటివి అయిదు నిమిషాల్లో తేల్చేసేవారు కాబట్టి, జడ్జిమెంట్ అనేది కొందరికి పుట్టుకతోనే వస్తుందా అని అడిగారు.

తిరగరాయడం సంగతి చివర్లో చెబుతాను, ముందు ఆ అయిదు నిమిషాల లీడ్ సంగతి. ఆయన తేల్చినవాటిలో ఎన్ని సరైనవయ్యాయో మీరెప్పుడైనా లెక్కపెట్టారా? ఆయనైనా పెట్టుకున్నారా? నేను పరిశోధనలో ఆరేళ్లు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పద్దెనిమిదేళ్లు ఉన్నాను. రెండు చోట్లా ధీమాగా, టకటకా నిర్ణయం చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. కొందరు నిజంగా దిట్టలు. కొందరు మాత్రం తప్పు బయటపడే లోపే వేరే టీమ్‌కో వేరే ప్రాజెక్టుకో వెళ్లిపోయినవాళ్లు, వాళ్లు చేసిన అప్పు వెనకొచ్చినవాళ్లు తీర్చారు (మీ పదకొండేళ్ల సిస్టమ్ కూడా అలాంటి అప్పేనేమో చూడండి). బయటి నుంచి చూస్తే ఈ రెండు రకాల వాళ్లకీ తేడా కనిపించదు. ఇంకా పెద్ద చిక్కేమిటంటే, మనల్ని మనం చూసుకున్నా కనిపించదు.

ఎందుకంటే ఫలితం తెలిసిన మరుక్షణం మనసు పాత అంచనాని గుట్టుచప్పుడు కాకుండా దిద్దేస్తుంది. సర్వర్లు పడిపోయాక జరిగే మీటింగుల్లో "నాకు అప్పుడే డౌట్ కొట్టింది" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనూ అన్నాను, అబద్ధమని తెలియకుండానే అన్నాను. డౌట్ కొట్టిన మాట నిజమే అయ్యుండొచ్చు, కానీ డౌట్ కొట్టి ఏమీ కాకుండా పోయినవి ఇంకో ఇరవై ఉంటాయి, అవి ఎవరికీ గుర్తుండవు. ఇలా దిద్దేసిన జ్ఞాపకాలతో ఎన్నేళ్లు పనిచేసినా పెరిగేది ధీమా ఒక్కటే.

దీనికి నాకు పనిచేసిన మందు చెబితే మీకు నవ్వొస్తుంది: ఒక నోట్‌బుక్. పెద్ద నిర్ణయం తీసుకునే ముందు నాలుగు లైన్లు రాస్తాను. ఏం చేయబోతున్నాం, ఎందుకు, ఏ తేదీకి ఏం జరుగుతుందని అనుకుంటున్నాను, ఏం కనిపిస్తే నాది తప్పని ఒప్పుకుంటాను. పక్కన నాకెంత నమ్మకమో శాతంలో ఒక అంకె. మొదలుపెట్టిన రెండేళ్లకి వెనక్కి వెళ్లి చదివితే సిగ్గేసింది. 90 శాతం నమ్మకం అని రాసుకున్నవాటిలో దాదాపు మూడోవంతు తప్పాయి. అన్నిచోట్లా ఒకేలా తప్పితే అదో రకం, అలా కూడా కాదు. ప్రోగ్రామ్ ఎక్కడ నెమ్మదిస్తోందో చెప్పడంలో నా ఊహ బాగానే నిలబడింది, ఎందుకంటే అక్కడ ప్రొఫైలర్ (ఏ భాగం ఎంత సమయం తింటోందో కొలిచే సాధనం) పెట్టి పది నిమిషాల్లో నిజం చూసుకోవచ్చు, అలా కొన్ని వందలసార్లు చూసుకుని ఉంటాను. ఇంటర్వ్యూలో ఒక మనిషితో గంట మాట్లాడి, ఏడాది తర్వాత ఎలా పనిచేస్తారో చెప్పడంలో మాత్రం బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. అక్కడ ఫలితం ఏడాదికి గానీ రాదు, పైగా మనం వద్దన్నవాళ్ల ఫలితం ఎప్పటికీ రాదు. తప్పు ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా తెలుస్తుందో ఆ పనిలో అంత జడ్జిమెంట్ పెరుగుతుంది, మిగతా చోట్ల పెరిగినట్టు అనిపిస్తుంది. ఇది కళ్లారా చూశాక ఇంటర్వ్యూల్లో నా మాటే నెగ్గాలన్న పట్టుదల తగ్గించుకున్నాను, చిన్నదైనా నిజమైన పని ఒకటి ఇచ్చి చూడటం మొదలుపెట్టాం.

ముందే రాయడం వల్ల ఎంత తేడా వస్తుందో వైద్య పరిశోధనలో పెద్ద ఎత్తున కనిపించింది. అమెరికా జాతీయ గుండె, ఊపిరితిత్తుల, రక్త సంస్థ డబ్బుతో జరిగిన పెద్ద క్లినికల్ ట్రయల్స్‌ని, అంటే గుండెజబ్బులకి మందులూ సప్లిమెంట్లూ పరీక్షించినవాటిని, 2015లో ఇద్దరు పరిశోధకులు ఒకచోట పెట్టి చూశారు. 2000కి ముందు వచ్చిన 30 ట్రయల్స్‌లో 17 ప్రయోజనం ఉందన్నాయి. ఆ తర్వాతి 25లో రెండే అన్నాయి. మధ్యలో జరిగిన ముఖ్యమైన మార్పు, ఏ ఫలితాన్ని కొలవబోతున్నారో ట్రయల్ మొదలుకాక ముందే అందరికీ కనిపించేలా నమోదు చేయాల్సి రావడం. అంతకు ముందైతే అనుకున్నది తగ్గకపోయినా తగ్గిన ఇంకోదాన్ని వెతికి చూపించే వీలుంది. తేడా అంతా దీనివల్లే వచ్చిందని ఆ లెక్క నిరూపించదు, ఆ రాసినవాళ్లూ అలా అనలేదు. అయినా నేను దాన్ని మర్చిపోలేను, ఎందుకంటే మన పనిలో ఇది రోజూ జరుగుతుంది: కొత్త స్క్రీన్ వల్ల ఆర్డర్లు పెరుగుతాయని మొదలుపెడతాం, పెరగవు, అప్పుడు "జనం పేజీలో గడిపే సమయం పెరిగింది కదా" అని స్లైడ్ తయారవుతుంది. అదే సమయం తగ్గుంటే "పని త్వరగా అయిపోతోంది" అని ఇంకో స్లైడ్ తయారయ్యేది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెతకి సైన్సులో నాకు తెలిసినంతలో గొప్ప ఉదాహరణ ఎన్-కిరణాలు. 1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో బ్లాండ్లో అనే భౌతికశాస్త్రవేత్త, అప్పటికే మంచి పేరున్నవాడు, కొత్త రకం కిరణాలు కనిపెట్టానని ప్రకటించాడు. చీకటి గదిలో ఒక మసక వెలుగు కాస్త పెరిగిందా లేదా అన్నది కంటితో చూసి చెప్పాలి. ఇంకా చాలామంది ఫ్రెంచి శాస్త్రవేత్తలు తమకీ కనిపించిందన్నారు. 1904లో అమెరికా నుంచి ఆర్. డబ్ల్యు. వుడ్ అనే ఆయన చూడటానికి వెళ్లి, ఆ చీకట్లోనే పరికరంలోని అల్యూమినియం పట్టకాన్ని చడీచప్పుడు లేకుండా తీసేశాడు. అది లేకపోతే కొలతలు రాకూడదు. కొలతలు మాత్రం మామూలుగా వస్తూనే ఉన్నాయి. బ్లాండ్లో మోసగాడేమీ కాదు, తనకి నిజంగా కనిపించింది, నన్ను భయపెట్టేది అదే.

నా కథ ఇంత ఘనమైనది కాదు గానీ జాతి అదే. పరిశోధనలో ఉన్న రోజుల్లో సెన్సర్ల నుంచి వచ్చే రీడింగుల్ని శుభ్రం చేసే స్క్రిప్టు ఒకటి నేనే రాశాను. మొదటిసారి వచ్చిన ఫలితం మా అంచనాకి పూర్తిగా విరుద్ధంగా ఉంది. మూడు రోజులు కూర్చుని లైను లైను వెతికితే బగ్ దొరికింది, సరిచేశాను, గ్రాఫ్ మేం అనుకున్నట్టే వచ్చింది, ఇక పండగే. అక్కడితో వెతకడం ఆపేశాను. ఎనిమిది నెలల తర్వాత ఇంకో గ్రూపులోని విద్యార్థి ఒకరు అసలు డేటా అడిగి తీసుకుని తనే లెక్క వేసుకుంటే, అదే స్క్రిప్టులో రెండో బగ్ బయటపడింది, టైమ్ స్టాంపులు (ఏ రీడింగు ఎప్పటిదో చెప్పే సమయాలు) ఒక అడుగు జరిగిపోతున్నాయి. అది మొదటి రోజు నుంచీ ఉంది. ఫలితం నచ్చనప్పుడు మూడు రోజులు వెతికినవాణ్ని, నచ్చాక మూడు నిమిషాలు కూడా వెతకలేదు. అప్పటి నుంచి నాకో నియమం: ఎంతసేపు, ఏమేం తనిఖీ చేయాలో ఫలితం చూడకముందే రాసుకోవాలి, ఫలితం ఎలా వచ్చినా ఆ లిస్టు పూర్తి చేయాలి. సర్వర్ రీస్టార్ట్ చేయగానే పోయిన బగ్‌ని, రాసిన మొదటిసారే పాసైపోయిన టెస్టుని నేను ఇప్పటికీ అనుమానంగానే చూస్తాను.

ఈ విషయంలో నేను చూసినంతలో అందరికన్నా ముందున్నవాళ్లు గురుత్వ తరంగాలు (భారీ వస్తువుల కదలిక వల్ల అంతరిక్షంలో పుట్టే అలలు) వెతికిన లైగో పరిశోధన బృందం వాళ్లు. తమ పద్ధతి నిజంగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వాళ్లు ఒక చిన్న బృందానికి దొంగ సిగ్నల్‌ని రహస్యంగా డేటాలోకి ఎక్కించే అధికారం ఇచ్చారు. 2010 సెప్టెంబరులో మంచి సిగ్నల్ ఒకటి కనిపించింది. వందలమంది నెలల తరబడి దాన్ని విశ్లేషించి, పేపరు కూడా రాసి సిద్ధం చేసుకున్నారు. 2011 మార్చిలో, అది అసలుదో ఎక్కించిందో చెప్పే కవరు అందరి ముందూ తెరిస్తే అది ఎక్కించిన సిగ్నలే. ఆ గదిలో కూర్చున్నవాళ్ల బాధ ఊహించండి. కానీ తమ పద్ధతి సిగ్నల్‌ని పట్టుకోగలదని వాళ్లకి ఆ రోజే రుజువు దొరికింది, 2015లో అసలైనది వచ్చినప్పుడు పనికొచ్చింది అదే.

మనం బ్యాకప్‌ల విషయంలోనైనా ఇలా చేస్తామా? ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు రాత్రిపూట అలసిపోయి ఉండి, రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డిలీట్ కమాండ్ కొట్టారు. తేరుకుని ఆపేలోపు దాదాపు 300 జీబీలో నాలుగున్నర మిగిలింది. అప్పుడు చూస్తే అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా నడవడం లేదు. ఒకటైతే వెర్షన్ తేడా వల్ల ఎప్పటి నుంచో విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా చేరడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన కాపీ ఉంది కాబట్టి బయటపడ్డారు. దాచకుండా అంతా బయటపెట్టారు కాబట్టి మనకి ఇదంతా తెలిసింది, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. మీ బ్యాకప్‌ని చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారో కాస్త గుర్తు తెచ్చుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది మనకి తెలిసి తీసుకునే నిర్ణయాల గురించి. నన్ను ఎక్కువగా దెబ్బతీసినవి మాత్రం, నిర్ణయం తీసుకుంటున్నామని తెలియకుండానే తీసేసుకున్నవి. దీనికి యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం గురించి చదవాలి, 1996 జూన్ 4. బయల్దేరిన దాదాపు 40 సెకన్లకే దారితప్పి పేలిపోయింది. కారణం ఒక అంకెని 64 బిట్ల రూపం నుంచి 16 బిట్లలోకి మార్చేటప్పుడు పట్టకపోవడం, ఇంతవరకు అందరికీ తెలిసిందే, ఇంటర్వ్యూల్లో కూడా చెబుతుంటారు. కానీ విచారణ నివేదికలో అసలు రుచి ఇంకా లోపల ఉంది. ఆ కోడ్ ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్నది, అక్కడ చక్కగా పనిచేసింది. అలా పొంగిపోయే ప్రమాదమున్న అంకెలు ఏడున్నాయని అప్పటి ఇంజినీర్లు గుర్తించి, నాలుగింటికి రక్షణ పెట్టి, మూడింటికి కావాలనే వదిలేశారు, ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదు కాబట్టి, ఏరియన్ 4 దారిలో ఆ మూడూ అంత పెద్దవి కావు కాబట్టి. అది మంచి నిర్ణయమే! లెక్కవేసి, కారణంతో తీసుకున్నది. ఏరియన్ 5 మొదటి సెకన్లలోనే అడ్డంగా చాలా వేగంగా వెళ్లే రాకెట్, ఆ కారణం అక్కడ చెల్లదు. కోడ్ వచ్చింది గానీ దాని వెనకున్న "ఎందుకంటే" రాలేదు. ఇంకా బాధాకరం, ఆ లెక్క వేసే భాగం ఏరియన్ 5 నేల వదిలాక ఎందుకూ పనికిరాదు, పాత రాకెట్ అవసరం కోసం పెట్టింది అలాగే నడుస్తోంది. రెండో కంప్యూటరు స్టాండ్‌బైలో ఉంది కదా అంటారా, అందులోనూ అదే సాఫ్ట్‌వేర్, అదీ అదే కారణంతో, మొదటిదానికన్నా కొన్ని మిల్లీసెకన్ల ముందే ఆగిపోయింది.

"పాతది బాగానే నడుస్తోంది, అలాగే పెట్టేద్దాం" అన్నప్పుడు ఎవరికీ అది నిర్ణయంలా అనిపించదు, చర్చ కూడా జరగదు. డిఫాల్ట్ సెట్టింగులు, ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన టైమవుట్ విలువ, ఒక లైబ్రరీ, రోజుకి ఇంతకన్నా ఎక్కువ రికార్డులు రావులే అన్న ఊహ, అన్నీ ఈ జాతివే. నేను కోడ్ రివ్యూల్లో (ఇంకొకరు రాసిన కోడ్‌ని చదివి సరిచూసేటప్పుడు) ఇప్పుడు పేర్లూ ఖాళీలూ పట్టించుకోవడం దాదాపు మానేశాను, ఒక్కటే అడుగుతాను: ఇది ఏది నిజమైనంత కాలం సరిగ్గా నడుస్తుంది? దానికి జవాబు కోడ్ పక్కనే కామెంట్‌గా రాయమంటాను. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో విసుక్కుంటారు.

వెనక్కి తీసుకోగల నిర్ణయాల మీద ఎక్కువ సమయం పెట్టొద్దు, తీసుకోలేనివాటి మీద పెట్టండి అని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. కాకపోతే "వెనక్కి తీసుకోవచ్చు" అనేది కూడా ఒక ఊహే, దాన్నీ పరీక్షించాలి. నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీ 2012 ఆగస్టు 1న కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో ఏడింటిలోనే పెట్టింది, ఒకటి మిగిలిపోయింది. కొత్త కోడ్ వాడిన ఫ్లాగ్ (ఒక పనిని మొదలుపెట్టమని చెప్పే గుర్తు) పాతది, ఏళ్ల క్రితం వాడకం మానేసిన ఇంకో పనికి ఉన్నది, ఆ ఎనిమిదో సర్వర్‌లో ఆ పాత పని నిద్రలేచింది. మార్కెట్ తెరవకముందే సిస్టమ్ నుంచి 97 మెయిళ్లు వెళ్లాయి, ఎవరూ పట్టించుకోలేదు. మార్కెట్ తెరిచాక కంగారులో వాళ్లు చేసిన పని ఏమిటో తెలుసా, రోల్‌బ్యాక్. మిగతా ఏడు సర్వర్లలో కొత్త కోడ్ తీసేసి పాతది పెట్టారు, ఆ పాత కోడ్‌లోనూ అదే పాత పని ఉంది, దాంతో ఒకచోట ఉన్న రోగం ఎనిమిది చోట్లకి పాకింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అందుకే కనీసం ఒకసారైనా మామూలు రోజున, టెన్షన్ లేనప్పుడు, రోల్‌బ్యాక్ చేసి చూడని మార్పుని నేను వెనక్కి తీసుకోగల మార్పుగా లెక్కేయను.

నిజంగా చవకగా వెనక్కి తీసుకోగలిగినదైతే మాత్రం చర్చ ఆపి చేసి చూడటమే. 2012లో మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో ప్రకటనల శీర్షిక చూపించే తీరు కాస్త మార్చాలన్న ఐడియా ఒకటి ఆరు నెలలకు పైగా లిస్టులో అట్టడుగున పడి ఉంది, మేనేజర్లకి అది పెద్ద విషయంలా అనిపించలేదు. ఒక ఇంజినీరు కొద్ది రోజుల్లో రాసి ప్రయోగం పెడితే ఆదాయం 12 శాతం పెరిగింది, ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్ల పైమాట. మైక్రోసాఫ్ట్‌లో ఇలా పరీక్షించిన ఐడియాల్లో సుమారు మూడోవంతే అనుకున్న మేలు చేశాయని ఆ ప్రయోగాలు నడిపినవాళ్లే రాశారు. అంత పెద్ద చోట, అంత తెలివైనవాళ్లకే ఇలా ఉంటే మీరు రెండు వారాలు తేల్చుకోలేకపోవడంలో తప్పేముంది చెప్పండి.

మనుషుల సంగతి కూడా చెప్పాలి, లీడ్ అయ్యారు కాబట్టి మీకిది నాకన్నా త్వరగా అవసరపడుతుంది. చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదానికి ముందు రాత్రి, 1986 జనవరి 27న, టెలిఫోన్ మీటింగ్ జరిగింది. మర్నాడు బాగా చలిగా ఉంటుంది, రాకెట్ అతుకుల్ని మూసే రబ్బరు ఓ-రింగులు సరిగ్గా మూసుకోవు, ప్రయోగం వద్దు అని ఆ రాకెట్లు చేసిన కంపెనీ ఇంజినీర్లు అన్నారు. అవతలున్న నాసా వాళ్లు "సురక్షితం కాదని రుజువు చూపించండి" అన్నట్టు మాట్లాడారు. మామూలుగా అయితే సురక్షితం అని చూపించాల్సిన బాధ్యత ప్రయోగం చేస్తామన్నవాళ్లది, ఆ రాత్రి అది ఎవరూ గమనించకుండానే తలకిందులైంది. రెండో సంగతి డేటా. వాళ్లు ఎక్కువగా తర్జనభర్జన పడింది రింగులు దెబ్బతిన్న ప్రయోగాల మీదే, అవి చలిలోనూ ఉన్నాయి, వేడిలోనూ ఉన్నాయి, కాబట్టి సంబంధం లేనట్టు కనిపించింది. దెబ్బతినని ప్రయోగాల్ని కూడా కలిపితే, సుమారు 18 డిగ్రీల సెల్సియస్ దాటిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే ఇబ్బంది వచ్చింది, అంతకన్నా చల్లగా ఉన్న నాలుగింటికి నాలుగింటిలోనూ వచ్చింది. మర్నాడు ఉదయం ఉష్ణోగ్రత రెండు డిగ్రీల దగ్గర ఉంది. ఏడుగురు చనిపోయారు.

మన పనిలో ప్రాణాలు పోవు (కొందరి పనిలో పోతాయి), కానీ ఆ మీటింగ్ నేను చాలాసార్లు చూశాను. శుక్రవారం రిలీజ్, ఒక టెస్టర్ "నాకెందుకో ఇది సరిగ్గా లేదనిపిస్తోంది" అంటారు, "ఏం సరిగ్గా లేదో చెప్పు" అని నలుగురు మీద పడతారు, ఆమె దగ్గర స్క్రీన్‌షాట్ ఉండదు, ఊరుకుంటుంది. ఒకసారి ఆ నలుగురిలో నేనూ ఉన్నాను, ఆ తర్వాత మూడు రోజులు కస్టమర్ల డేటా సరిదిద్దుకుంటూ కూర్చున్నాం. ఇప్పుడు పెద్ద రిలీజుకి ముందు అందర్నీ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, ఇది పాడవుతుందని ఎంత శాతం అనుకుంటున్నారో రాసి పంపమంటాను. అందరూ 5 రాసినచోట ఒకరు 40 రాస్తే ముందు వాళ్లతోనే మాట్లాడతాను. లీడ్‌గా మీ అభిప్రాయం మాత్రం ఆఖర్న చెప్పండి, మొదట చెప్పారంటే మీరు వినబోయేది మీ ప్రతిధ్వనే.

ఇక మీ తిరగరాత. తిరగరాస్తే అయిదు నెలలు పడుతుందని టీమ్ అంచనా అన్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ 1970లలో ఇజ్రాయెల్‌లో ఒక పాఠ్యప్రణాళిక బృందంలో పనిచేశారు. ఎన్నాళ్లు పడుతుందని అందర్నీ విడివిడిగా రాయమంటే రెండేళ్ల అటూ ఇటూ వచ్చింది. అప్పుడు ఆ గదిలోనే ఉన్న అనుభవజ్ఞుణ్ని, నీకు తెలిసిన ఇలాంటి బృందాలకి ఎన్నాళ్లు పట్టింది అని అడిగారు. ఆయన కాసేపు తటపటాయించి, ఏడు నుంచి పదేళ్లు, దాదాపు 40 శాతం మంది పూర్తే చేయలేదు అన్నారు. ఆయన కూడా అంతకు ముందు నిమిషం రెండేళ్లనే రాశారు! తెలిసిన సంగతి, వేసిన అంచనా ఒకే బుర్రలో ఉండి కూడా కలుసుకోలేదు. వాళ్లకి చివరికి ఎనిమిదేళ్లు పట్టింది. కాబట్టి మీ టీమ్‌ని అయిదు నెలల ప్లాన్ అడగడం ఆపి, మీ కంపెనీలో ఇంతకు ముందు తిరగరాసిన సిస్టమ్‌లకి ఎంత అనుకున్నారు, ఎంత పట్టింది, ఎన్ని మధ్యలో ఆగాయి అని అడగండి. మూడు ఉదాహరణలు దొరికినా చాలు. నేను నాయకత్వం వహించిన తిరగరాత ఒకటి అయిదు నెలలనుకుంటే పద్నాలుగు నెలలు పట్టింది, కారణం కొత్త కోడ్ కష్టమై కాదు, పాత కోడ్‌లో ఎవరూ ఎక్కడా రాసిపెట్టని చిన్న చిన్న మినహాయింపులు, ఒక్కొక్కటీ ఎవరో ఒక కస్టమర్ ఫోన్ చేసి తిడితే గానీ తెలియలేదు.

తిరగరాయడం ఎప్పుడూ తప్పనే వాదన కూడా నేను ఒప్పుకోను. నెట్‌స్కేప్ 1998లో పాత బ్రౌజర్ కోడ్ పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టింది, వెర్షన్ 5 అసలు రాలేదు, 6 వచ్చేసరికి 2000 నవంబరు అయింది, ఈలోపు మార్కెట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి వెళ్లిపోయింది. కంపెనీకి అది ఘోరం. కానీ ఆ కొత్త కోడ్ నుంచే 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది. ఎవరి లెక్కలో, ఎన్నేళ్ల లెక్కలో చూస్తున్నారన్న దాన్ని బట్టి అదే నిర్ణయం రెండు రకాలుగా కనిపిస్తుంది, మీరు ఏ లెక్కలో ఉన్నారో మీ మేనేజర్‌ని అడగండి.

మీరు చెప్పిన వివరాలు బట్టి చూస్తే నేనైతే మొత్తం తిరగరాయను. పాతదానికి ముందు ఒక పొర (ఏ రిపోర్టు పాతదాని నుంచి, ఏది కొత్తదాని నుంచి రావాలో చూసే చిన్న ప్రోగ్రామ్) పెట్టి, ఎక్కువ ఫిర్యాదులొచ్చే రిపోర్టు ఒక్కటి ఎంచుకుని, దాన్ని కొత్తగా రాసి, ఒక నెల పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి అంకెలు రోజూ పోల్చి చూస్తాను. తేడాలు తప్పకుండా వస్తాయి, వాటిలో కొన్ని పాతదాని తప్పులే అయ్యుంటాయి, ఆ తేడాల సంఖ్యే మిగతా పని ఎంతుందో మీకు చెబుతుంది. మొదలుపెట్టే ముందు ఆ నాలుగు లైన్లూ రాయండి, ముఖ్యంగా ఆఖరిది: ఆరు వారాలకి ఏం కనిపిస్తే ఆపేస్తారు. ఆ ఆరో వారానికి ఇవాళే క్యాలెండర్‌లో మీటింగ్ పెట్టి మీ మేనేజర్‌ని, తిరగరాయొద్దని టీమ్‌లో గట్టిగా వాదిస్తున్నారని మీరు చెప్పిన ఆ ఒక్కరిని కూడా పిలవండి. మీరొక్కరే ఉన్న మీటింగ్ అయితే పనిలో పడి వాయిదా వేసేస్తారు, నేను ఆ పద్నాలుగు నెలల్లో మూడుసార్లు వేశాను.